పరీక్ష కోసం పుట్టినామె

డులూత్‌లో నవంబరు.
కిటికీ అవతల సుపీరియర్ సరస్సు.
ఇనుప ఖనిజం ఓడ ఒకటి లోపలికొస్తూ కూత వేస్తే
రేవు వంతెన అదే కూత తిరిగి వేసి
నడుము పైకెత్తి దారిస్తుంది.
మేం చేసే వ్యాపారమూ ఇంతే:
పంపింది అందిందని అవతలి నుంచి ఒక బదులు.

కిటికీ ఇవతల నలుగురం, చల్లారిన కాఫీ,
పద్దెనిమిది చిన్న ఊళ్ల ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్.
డిసెంబరు ముప్పై ఒకటికల్లా
కొత్త ప్రమాణానికి సరితూగాలి,
లేకపోతే ధ్రువపత్రం పోతుంది.
ఎల్మర్ ఈ మాట రోజుకు మూడుసార్లంటాడు,
మొదటిసారి గుడ్ మార్నింగ్‌కి బదులుగా.

నా దగ్గర ఒక రోగి ఉంది.
ఓర్లా టెస్ట్‌పేషెంట్.
ఎవరూ పొరపాటున నిజమనుకోకూడదని ఆ ఇంటిపేరు.
పదకొండేళ్లుగా ఆమెకు పెన్సిలిన్ పడదు.
పదకొండేళ్లుగా రక్తపోటు నూట నలభై రెండు,
ఒక్క అంకె కదల్లేదు.
క్లినిక్ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ల్యాబ్‌కి
ఎన్ని వేలసార్లు పంపానో.
ఒకసారి నా కోడ్‌లో కామా ఒకటి జారిపోయి
ఆమె ఎడమ మోకాలి ఆపరేషన్
దారిలోనే ఉండిపోయింది.

ఈసారి ప్రమాణం కొత్త గడులు తెచ్చింది.
ఏం పని చేస్తారు?
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు ఆమెని, నాతో సహా.
కిటికీలోంచి చూసి రాశాను:
ఓడరేవులో తూకం గుమాస్తా.
మీకు దగ్గరివారెవరు, ఏమవుతారు?
నా పేరే రాశాను.
బంధుత్వాల జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు వెతికి
పొరుగింటామె అని నొక్కాను.

ఏ తెగ?
పక్క బల్ల మీంచి జెరిలిన్ హూల్ కుర్చీ జరుపుకుంది.
"మా అమ్మమ్మ చార్టులో ముప్పై ఏళ్లు
'ఇతరులు' అని ఉండేది" అంది.
కీబోర్డు నా చేతి కిందనుంచి లాక్కుని
ఫాండ్ డు లాక్ అని తనే కొట్టింది.
"పోనీ. ఒక్కసారి ఈ మాట
ఈ చివరనుంచి ఆ చివరికి విరక్కుండా పోనీ."

చివరి గడి, మరణ తేదీ.

ఖాళీగా వదిలితే ఒప్పుకోరు.
ఆ గడి కూడా ప్రయాణించగలదని చూపించాలి.
తేదీ పెట్టడానికి వేళ్లు రాలేదు.
నవ్వండి, నాకూ నవ్వొచ్చింది.
ఊపిరే లేనిదానికి ఏమిటీ మొహమాటం?

అప్పుడు టూ హార్బర్స్ నుంచి ఫోన్ చేసిన
పడవల మెకానిక్ గుర్తొచ్చాడు.
తల్లి పోయి ఐదు నెలలు.
ఆసుపత్రికి తెలుసు, క్లినిక్‌కి తెలీదు.
ప్రతి మంగళవారం పది గంటలకి
ఫ్లూ టీకా వేయించుకోండమ్మా అని ఆమెకి ఫోన్.
"అరవడానికి చెయ్యలేదు," అన్నాడతను,
"ఆమె ఫోన్ నా జేబులోనే ఉంటుంది, అంతే."
ఆ రోజు అతనికి సారీ చెప్పాను.
సారీకి మాత్రం ఏ ప్రమాణమూ అక్కర్లేదు.

ఇవాళ్టి తేదీయే వేశాను.
పంపాను.

పెన్సిలిన్ అందింది. మోకాలు అందింది.
తూకం గుమాస్తా, పొరుగింటామె,
ఫాండ్ డు లాక్, ఒక్క అక్షరం చెదరకుండా.
మరణం అందింది.
అవతలి సర్వర్లో
రేపటి ఫోన్ల జాబితా తెరిచి చూస్తే
ఆమె పేరు దానంతటదే లేచి వెళ్లిపోయింది.
తప్పులు: సున్నా.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత డేటా మళ్లీ మొదటికి తిప్పాను, తప్పదు.
రేపు తొమ్మిదింటికి లేచి కూర్చుంటుంది ఓర్లా,
అదే నూట నలభై రెండుతో.
ఈసారి ఆమెకొక ఉద్యోగం ఉంది.

బయట పూర్తిగా చీకటి, నాలుగున్నరే అయింది.
ఎల్మర్ కోటు వేసుకుంటూ
స్క్రీన్ మీది పచ్చరంగు చూసి
గుడ్ మార్నింగ్ అన్నాడు.