వెనక తలుపు

కొత్తగొచ్చినవ్ పోశెట్టీ,
మనామాల మంచి బేకరీలేవని అడుగుతున్నవ్.
అద్దాల ముంగట నిలవడి కొన్నోళ్లను అడిగితే వేరే చెప్తరు.
నేను మైదా బండోన్ని.
పదకొండేండ్ల సంది అన్నిట్లకు వెనక తలుపు నుంచే పోయిన.

వంతెన దాటినంక ముహర్రక్‌ల, సందు చివర
ఇరానీ ముసలాయన, గులామ్‌రెజా.
తెల్లారగట్ల నాలుగింటికే భట్టీ రాజుకుంటది.
పిండి ముద్దను మెత్త మీద పరిచి
పాలు తాగిన పిల్ల వీపు చరిచినట్టు
లోపలి గోడకు చరుస్తడు.
చాటంత రొట్టె. కాయితంల సుట్టుకొని బయలెల్లితే
సగం తొవ్వలనే ఒడుస్తది.
మొదటి రొట్టె అమ్మడు.
బస్తా దించినోనిది అంటడు.
ఎన్ని రొట్టెలైనయో ఆయన లెక్క వెట్టలే,
నేనూ వెట్టలే.

పెద్ద మాల్‌ల ఒకటుంది, పేరు నా నోరు తిరగదు.
కేకులు కంసాలి దుకాణంల సొమ్ముల తీరు.
ఒక్క ముక్క మూడు దినార్లట.
బస్తా నేలకు ఆనొద్దంటరు, మూడు సంతకాలు వెట్టమంటరు.
రుచి నన్నడగకు.
కానీ ఆగస్టుల, అంగీ పిండితే బిందె నిండే ఉబ్బల,
ఆ తలుపు తీసినప్పుడు వచ్చే సల్లగాలి ఉంది చూడు,
దానికోసమే రెండో నంబరిచ్చిన.

కుంజుమోన్ దగ్గర ఎగ్ పఫ్ తిను, పొద్దుగూకినంక.
పొరలు అంగీ మీద రాలుతయ్, రాలనియ్.
ఖాతా ఉంది. నా పేరు మలయాళంల రాసిండు,
అది నా పేరే అని నమ్మిన,
పక్కనున్న అంకెను గూడ.

బస్టాండు పక్కదానికి పోకు. నిన్నటి బన్నుకు
ఇయ్యాల్టి చీటీ అతికిస్తరు. నా కండ్లతోటి చూసిన.

ఇగ మారిసెల్. ఫిలిప్పీన్సామె, చిన్న దుకాణం,
పిడికెడు బన్నులు, జర తియ్యగుంటయ్.
మా బిడ్డ పుట్టినరోజని నోరు జారిన ఓ నాడు.
చెయ్యి కడుక్కో అన్నది.
క్రీము పొట్లం చేతిల వెట్టి, మీ భాషల నువ్వే రాయి అన్నది.
యాభై కిలోల బస్తాకు వణకని చెయ్యి
రు కాడ వణికింది.
రుత్విక. త కిందికి వత్తు జారి
ఎర్రగ అంచు దాకా పారింది.
ఫోన్‌ల చూసి బిడ్డ ఏమన్నదో తెల్సా?
"నాయినా, నా పేరు తప్పు రాసినవ్."
గదిల పన్నెండుమందిమి తిన్నం.
తప్పు రాసిన ముక్క నేనే తిన్న.

ఇవే నాకు తెల్సినయ్.
పండుకో, మూడున్నరకు లేవాలె, నలభై బస్తాలున్నయ్.
శుక్రారం సెలవు దొరికితే మాత్రం
తల దువ్వుకొని ముందు తలుపు నుంచి పో.
గులామ్‌రెజా దుకాణం ముంగట
బోర్డున్నదా లేదా, ఉంటే ఏ రంగో
చూసొచ్చి నాకు చెప్పు.