తాళం తీసినంక

తాళం తీసిన.
జేబులేసుకున్న.
బండి ఆగలే.

గడ గడ గడ అదే డీజిల్ సప్పుడు.
నల్లా కాడ బిందెలు పెట్టిన ఆడోళ్లు
నా దిక్కే చూస్తున్నరు,
పోతవా, ఉంటవా అన్నట్టు.
బానెట్ లేపి, ఇంజను మీద
'స్టాప్' అని రాసున్న చిన్న పిడిని
బొటనవేలితోని ఒత్తిపట్టిన.
ఒక్కపారి ఒళ్లంత దులిపి
అప్పుడు పండుకున్నది.

వారం దినాల సంది గిదే తంతు.
"ఇనుప సామానోనికి తూకానికి ఇచ్చెయ్" అంటది అండాలు.
తూకమైతే మస్తున్నది,
పద్నాలుగు నెలల జీతమంత.

ప్రెస్సు మూతవడ్డ దినం
అస్థానా సాబ్ బల్ల మీద పైసలు పెట్టలే,
ఎనభై నాలుగు మోడల్ బెంజి తాళం పెట్టిండు.
"దీని సంగతి నాకంటె నీకే ఎక్వ తెల్సు" అన్నడు.
అబద్ధమేం కాదు.
ఇరవై రెండేండ్లు నేను ముందల, ఆయన ఎన్క.
చలికాలం పొద్దుగాల
గ్లో ప్లగ్గుల పసుపు దీపం ఆరేదాక సెల్ఫ్ కొట్టద్దు.
ఎండకాలం లక్డీకాపూల్ సిగ్నల్ కాడ
ముల్లు వంద దిక్కు జరిగితే ఏసీ బందు పెట్టాలె,
సాబ్ చెమటతోని కాగితం ఊపుకున్నా సరే.
నూనె యాడికెల్లి కారుతుందో
వాకిట్ల సిమెంటు మీది మరకలు చూసి చెప్త.
గాని ఆగకపోవుడు?
గిది నాకు తెల్వని రోగం.

ముషీరాబాద్‌ల మొహియుద్దీన్ ఉస్తాద్ షెడ్డు.
కంప్యూటర్ లేదు, రబ్బరు గొట్టం ఉన్నది.
ఒక కొస చెవుల పెట్టుకొని
ఇంకో కొస ఇంజను మీద తిప్పుకుంట
కండ్లు మూసుకొని వింటడు.
టైమింగ్ చైన్ సాగిందేమో అన్న.
హెడ్ గాస్కెట్ పోయిందేమో అన్న.
మందుల దుకాణంల నిలవడి
నోటికొచ్చిన జబ్బులన్ని చెప్పినట్టు.
ఉస్తాద్ నవ్వలే.
"ఇంజన్ ఠీక్ హై మియా.
ఊపిరే ఇంకోతాన పోతుంది."

గోధుమ రంగు సన్నటి పైపు ఇంజను ఆపెతందుకు,
పసుపుది తలుపుల తాళాలకు.
రెండింటికి ఒకటే వాక్యూమ్.
జర్మనోడు గట్ల కట్టిండు:
తలుపుల లీకైతే
ఇంజనుకు ఆగుడు చాతగాదు.

పోరడు ఇబ్బు పక్కర్‌తోని
ఒక్కొక్క పైపు నొక్కుకుంట పోయిండు.
నా తలుపు మంచిగున్నది.
పక్కది మంచిగున్నది. డిక్కీ మంచిగున్నది.
ఎన్క ఎడమ తలుపు పైపు నొక్కంగనే
టప్పున ఆగింది బండి.
సాబ్ కూసునే తలుపు.

లోపలి అట్ట ఇప్పితే
మడతలు మడతలు కాగితం.
మా ప్రెస్సు ప్రూఫులే, ఎవరిదో లగ్గం పత్రిక,
పెండ్లికొడుకు పేరుకు ఎర్ర సిరాతోని సున్న.
ఆ కాగితం కొస రాకి రాకి
తాళం డబ్బల రబ్బరు పొర తెగింది.

కుక్కింది నేనే.
అద్దం గలగల అంటుంది,
పేపర్ చదువుకుంటందుకు నడవదు అన్నడు సాబ్.
పదేండ్ల కింద.
మళ్ల సప్పుడు రాలే, ఆయన మెచ్చుకోలే, నేను మర్చిపోయిన.

పుత్లీబౌలిల మూడు దుకాణాలు తిరిగిన.
మొదటోడు, జర్మనీకెల్లి రావాలె, ఆరు వారాలన్నడు.
రెండోటోడు లేచి కూడ నిలవడలే.
మూడోటోడు
చచ్చిన బండి ఏదో, దాని తలుపుల నుంచి ఊడవీకింది
చాయ్ గిలాస పక్కన పెట్టి
ఆరు వందలన్నడు.
నోట్ల పెట్టుకొని గాలి పీల్చిన.
నాలిక అతుక్కున్నది.
పట్టు ఉన్నది ఇంక.

ఇంటి ముందట తాళం తిప్పిన.
ఆగింది,
మాట నడుమ ఎవరో లేచిపోయినట్టు.
అలవాటు తప్పి, నేనే జర సేపు దిగలే.
నల్లా కాడ ఎవ్వరు ఇటు చూడలే.

ఆ కాగితాలు మళ్ల కుక్కలే.
గుంత గుంతకు ఎన్క అద్దం గలగల అంటది.
అననీ.
పేపర్ చదివేటోళ్లు ఎవ్వరు లేరు ఎన్క.

రేడియేటర్ కింద మాత్రం
పచ్చగ ఒక చుక్క కనవడ్డది.
రేపు చూస్త.