ఉప్పు తిన్నది

షార్జాలో, రాత్రి పదకొండు దాటాక,
ల్యాబులో నేనూ, లాగే యంత్రమూ మిగిలాం.
నీళ్ల తొట్టెలో దాని రెండు దవడల మధ్య
చిటికెన వేలంత ముక్క.
పట్టుకుంటే ముంజ.
వందలో డెబ్బై పాళ్లు నీళ్లే.
లాగితే మాత్రం
మేకకాలి నరం.

మొదట్లో ఇలా ఉండేది కాదు.
జనవరిలో చేసినవన్నీ
పాల మీది తొరకల్లా చినిగిపోయాయి.
డాక్టర్ రీమ్ ఒకరోజు
రోలా కసాయి దుకాణం నుంచి
కవరులో పాయా తెచ్చి టేబుల్ మీద పెట్టింది.
"వండడానికి కాదు, చదవడానికి," అంది.
కోసి చూశాం:
పోగులో పోగు, ఆ పోగులో ఇంకో పోగు,
మధ్యలో తడి.

అప్పట్నుంచి ఒకే వైపు నుంచి గడ్డకట్టించాం,
మంచు సూదులు వరస తీరేలా.
తర్వాత ఉప్పునీళ్లలో ముంచాం.
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు మా వైపు.
ఇది ఉప్పు తిని
నీళ్లొదులుకుంది.
వదులుకున్న కొద్దీ
పోగులు ఒకదాన్నొకటి దగ్గరకు తీసుకున్నాయి.

ముత్తెన్నకి ఈ సంగతి చెప్పాను.
కోరుట్ల మనిషి. ఈ ల్యాబు నేల పరిచింది ఆయనే,
ఏడు నెలలు, మోకాళ్ల మీద.
ఒక్కో టైలునీ వేలితో కొట్టి వింటాడు,
బోలుగా మోగితే పీకేస్తాడు.
ఇప్పుడు కూర్చుని లేస్తుంటే
ఆయన కుడి మోకాలు
ఇసుక పడ్డ తలుపు బందులా మోగుతుంది.

"గీ ముక్క నా కాల్ల వెడ్తె అయిపాయె గద, బిడ్డా?"
ముందు ఎలుకకు, అన్నాను.
తర్వాత గొర్రెకు.
తర్వాత కాగితాలకు.
నవ్వాడు.
"గొర్రె ఎన్కాల నిలవడాల్నా నేను?
సరె. దానికి మంచిగ నడువొస్తె
నాకో ఫోన్ కొట్టు."

యంత్రం లాగుతోంది, వదులుతోంది.
నాలుగు వేల ఆరు వందల పన్నెండు.
పదమూడు.
మనిషి రోజుకి ఎన్ని అడుగులేస్తాడో
గోడ మీద రీమ్ రాసి పెట్టింది.
టైలు పరిచేవాడు ఎన్నిసార్లు మోకాలు వంచుతాడో
ఎవరూ రాయలేదు.
రేపు ముత్తెన్ననడిగి
ఆ లెక్క యంత్రానికివ్వాలి.

తెల్లవారుజామున మూడుకి
ముక్క అంచున వెంట్రుకంత చీలిక.
ఊపిరి బిగబట్టాను.
చీలిక ఒక పోగు దాకా వచ్చింది,
అడ్డంగా నిలబడ్డ దాన్ని చూసి
పక్కకు తిరిగింది.

లేచి అటూ ఇటూ నడిచాను.
నా చెప్పుల కింద
ఒక్క టైలూ బోలుగా మోగలేదు.