మినిట్స్ బుక్కు

సోహార్ల మా క్యాంపు మెస్సుల
శుక్రారం పొద్దుగూకినంక ఓట్లు.
పాత అధ్యక్షుడు ఎగ్జిట్ కొట్టించుకొని పోయిండు,
కుర్చీ ఖాళీ.
కుర్చీ అంటే ప్లాస్టిక్‌దే,
ఒక కాలికి కరెంటు టేపు సుట్టి ఉంటది.

బద్దం రాజలింగం నిలవడ్డడు.
నాలుగేండ్ల సంది కమిటీ మెంబరు.
ఊర్ల ఎంపీటీసీగ చేసిండు,
మండల మీటింగుల మైకు ఇడువనోడని పేరు.
లేచి మాట్లాడితే
మెస్సుల పంకలు సుత ఆగి ఇన్నట్టుంటది.

మీటింగుల రాతగాన్ని నేను.
పగలు స్కాఫోల్డింగు, రాత్రి కలం.
నాలుగేండ్ల రాజలింగం నా చేతిరాతల ఉన్నడు:
కూలరు కావాలె, తీర్మానం.
కూలరు జల్ది కావాలె, తీర్మానం.
కూలరు ఎందుకు రాలేదో ముదీర్‌ను అడుగుటకు
ముగ్గురితోని ఉపకమిటీ, తీర్మానం.
నీళ్లు ఇప్పటికీ ట్యాంకరువే.
మాపటీలి తాగితే నాలుక కాలుతది.

నేను తప్పువట్ట.
పదకొండు మందిల ఒక్కడు
చెయ్యి లేపుతడు, దించుతడు.
గెలిస్తె అందరిది,
ఓడితె ఎవ్వలిదీ కాదు.

సంతకం అట్ల కాదు.

పోయిన ఎండకాలం ఎల్లేశం
షిఫ్టు దిగి బస్సుల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు.
మార్చురీల కాయిదం మీద
ఒక్క పేరు కావాలన్నరు.
పదకొండు చేతులు పట్టే జాగ దాని మీద లేదు.
అధ్యక్షుడు సెలవు మీద ఊర్ల ఉండె.
రాజలింగం "మీటింగు పెడుదాం" అన్నడు.
పోశాలు కలం గుంజుకున్నడు.

పోశాలు క్రేన్ నడుపుతడు.
గాలిల ఎనిమిది టన్నుల పైపు ఊగుతుంటె
చర్చ ఏందిరా అంటడు.
నాతోని ఇంతవరకు ఒక్క లైను రాయించలే.
ఇయ్యాల రాజలింగం మీద నిలవడ్డది ఆయనే.

శవం జల్దిన ఊరు చేరింది.
చందా పైసలు ఆ రాత్రే పంపిండు,
ఎల్లేశం తమ్ముని ఖాతాకు.
"ఎవ్వల ఖాతా? నర్సవ్వ పేరు మీద లేదా?"
అడిగింది రాజలింగమే.
ఎవ్వరు ఇనలే. అందరం ఏడుస్తున్నం.
నర్సవ్వకు ఒక్క రూపాయి ముట్టలేదని
బతుకమ్మ నాడు ఫోన్ల తెలిసింది.
నలభైమూడో పేజీల ఉన్నది ఆ ప్రశ్న.
నేనే రాసిన.

మెస్సు టీవీల ఏదో దేశానికి
అధ్యక్షుని ఎన్నుకుంటున్నరు.
సభల ముప్పై ఏండ్లు కూసున్నాయన నిలవడ్డడంట.
ఏ నాడు దేనికి అవునన్నడో, దేనికి కాదన్నడో
ఎదుటోడు ఒక్కొక్కటి తీసి పరుస్తున్నడు,
కల్లంల మిరపకాయ ఆరవోసినట్టు.
పక్క మంచం రఫీకుల్, చిట్టగాంగాయన, నవ్విండు:
"ఏం చెయ్యనోని సంచి తేలిక, భాయ్."
వంట రామస్వామి గంటె కడుక్కుంట అన్నడు:
"కూర ఎట్లున్నదో చెప్పుడు వేరే, పొయ్యికాడ నిలవడుడు వేరే.
గని ఉప్పెక్కువైందన్నోన్ని
పొయ్యికాడోడు గంటెతోని కొట్టద్దు."

నిన్న రాత్రి రాజలింగం నా మంచం కాడికొచ్చిండు.
నలభైమూడో పేజీ అందరి ముందట సదువుమంటడనుకున్న.
సదివితె గెలుస్తడు గద.
"అది సదువకు" అన్నడు.
"ఎందుకే?"
శానసేపు మాట్లాడలే.
మైకు ఇడువనోడు, మాట్లాడలే.
"అడిగిన గని,
అడిగి కూసున్న."

పోశాలు నెలనెలా ఇరవై రియాళ్లు
నర్సవ్వకు తన జీతంలకెల్లి పంపుతున్నడని
గప్పుడే చెప్పిండు.
ఆ సంగతి ఏ పేజీల లేదు.

ఇగ నేను ఎవ్వలికి వెయ్యాలె?

పాల పొడి డబ్బల చీటీలు పడ్డయి.
లెక్కవెట్టేది సుత నేనే.
కొత్త పేజీ తీసి "అధ్యక్షుడు" అని రాసి
పక్కన జాగ ఇడిసిన.
చెయ్యి పెడితె మొదటి చీటీ నాదే వచ్చింది,
నాలుగు మడుతలు, నా రాత నాకు దాగుతదా.
ఇప్పిన. సదువాలె పైకి.
మెస్సంత సూస్తున్నది.
గొంతు తడారింది.
కూలరు లేదు గద.