పీటముడి

లుబ్లియానాలో రాత్రి పదకొండు.
నది మీద సన్నగా వాన.
అయస్కాంతం కడుపులో ఒక గాజు గొట్టం,
అందులో ఇరవై రెండు అక్షరాల డీఎన్ఏ.

తెర మీద శిఖరాలు లేచాయి.
పన్నెండు దాటాల్సినవి
పదకొండు దగ్గరే చతికిలబడ్డాయి.
"చెడిపోయింది, పారబోయనా?"
కొత్తగా చేరిన గొరాజ్ద్.
"ఆగు. కాస్త పొటాషియం వేసి చూడు,"
మిలోయ్కా.

వేశాక ఇంకా బిగిసింది.
నలుగురు గ్వానిన్లు ఒక పీట,
పీట మీద పీట, ఆపైన ఇంకో పీట.
సందుల్లో దూరి కూచుంది పొటాషియం,
పిలిచినా రాదు.
బడిలో గీయించిన మెలికల నిచ్చెనలో
ఈ ముడికి చోటు లేదు.

పడిందెక్కడ? జన్యువు గడపలో,
లోపలి మాట బయటికి రావాలా వద్దా
తేలే చోట.
ఒకచోట ముడి పడితే నోరు మూత.
మరోచోట ముడి పడితేనే
గొంతు పెగులుతుందేమో.
ఇంకా తెలీదు.

ఇద్రియాలో మిలోయ్కా అమ్మమ్మ
లేసు అల్లేది, కర్రకండెలు టకటకలాడుతుంటే.
మరిచిపోకూడనిది ఏదైనా ఉంటే
చేతిరుమాలు కొసన ముడి వేసేది.
ఆమె పోయాక కోటు జేబులో దొరికిందది,
ముడి అలాగే.
దేనికోసమో ఎవరికీ తెలీదు.
ఉతికారు గానీ
విప్పలేదు.

"గొట్టం మీద ఏమని రాయను?"
గొరాజ్ద్ చేతిలో కలం.
"తేదీ రాయి," అంది.
"తప్పు అని మాత్రం రాయకు."