ఆఖరి గంట మర్నాడు

బడి మూసిన మర్నాడు రాస్తున్నాను.
నిన్న ఆఖరి గంట.
పదకొండో తరగతి ఎర్మెక్ భుజం మీద
ఒకటో తరగతి నుర్పెరీ కూర్చుని
ఇత్తడి గంట ఊపింది.
ఊపింది, ఊపింది, ఆపమన్నా ఆపలేదు.
ఉపన్యాసం రాసుకొచ్చిన హెడ్మాస్టరు
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
మీరెవరూ ఇక్కడ లేరు కాబట్టి చెప్తున్నాను,
అందరికీ హాయిగా అనిపించింది.

మాస్కో వీధుల్లో మంచు ఎత్తిపోసేవాళ్ళకి,
కజాన్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ వాళ్ళకి,
టాక్సీలో సీటు వెనక్కి వాల్చి
అందులోనే కాపురముండేవాళ్ళకి,
ఊళ్ళోనే ఉండి, బడి ముందునుంచి
తల తిప్పకుండా పోయే సపర్‌కి కూడా,
జంగక్-సాయ్ బడిలో లెక్కలు చూసే
అసిల్‌కాన్ రాసేది.

ఈ ఏడు పిల్లలు నూట పన్నెండు మంది.
బొగ్గు బాగాలేదు.
పొగ మాత్రం పాతదే, మీ కాలపుదే.
జనవరంతా లెక్కల మాస్టారి కళ్ళనీళ్ళు చూసి
పిల్లలు జాలిపడి ఎక్కాలు నేర్చుకున్నారు.
పొగ పోయాక కూడా ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.
అక్టోబర్లో ఎప్పట్లాగే బెంచీలు ఖాళీ,
అందరూ అక్రోట్ల అడవిలో.
తిరిగొచ్చాక వేళ్ళన్నీ నలుపు,
నోటు పుస్తకాల్లో పేజీకో వేలిముద్ర,
పోలీసు స్టేషనులో కూడా అన్ని ఉండవు.
భూగోళం గదిలో పటం మార్చాం.
పాతదాంట్లో ఇప్పుడు లేని దేశం ఉంది.
పారెయ్యలేదు, వెనక్కి తిప్పి
నాటకాలకి తెర కట్టుకుంటున్నాం.

ఇక, పోయినేటి ఉత్తరంలో ఒక తప్పు దొర్లింది.
తొంభై రెండో ఏటి తొక్తోసున్
ఒర్స్క్‌లో పోయాడని ఎవరో అంటే
నల్లగీత గీసి పదహారు వాక్యాలు రాశాను.
క్రమశిక్షణ అన్నాను. స్నేహశీలి అన్నాను.
బడికే వెలుగన్నాను.
చచ్చినవాడి కళ్ళు చారెడు కదా.

మార్చిలో జవాబొచ్చింది,
చచ్చినవాడి దగ్గర్నుంచే.

"అసిల్‌కాన్ ఎజె,
మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను.
ఎవరో మంచి మనిషిలా ఉన్నాడే, అంది.
వ్యాయామం గది కిటికీ అద్దం పగలగొట్టింది నేను.
దెబ్బలు తిన్నది బక్తిగుల్.
పోయిన తొక్తోసున్ వేరే, మా పెదనాన్న కొడుకు.
వాడు నిజంగానే మంచివాడు,
ఆ పదహారు వాక్యాలూ వాడికి ఇచ్చెయ్యండి.
ఉత్తరం మాత్రం ఆపకండి.
రెండో వరస, పొయ్యి పక్క బల్ల మీద
చాకుతో చెక్కిన పేరు ఉందా?
చివరి అక్షరం దగ్గరుండగా మీరొచ్చారు."

వెళ్ళి చూశాను. ఉంది.
నాలుగుసార్లు రంగు పడింది పైన,
అయినా వేలికి తగుల్తుంది.
తొక్తోసు, అక్కడితో సరి.
ఆ పేరు ఎందుకు పెడతారో మీకు తెలుసు.
పురిట్లో ఇద్దరు పోయాక
వీడైనా నిలవనీ అని తల్లి పెట్టుకునే పేరు.
నిలిచాడు. నేనే తొందరపడ్డాను.

ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఐదో తరగతి మేరిమ్.
"ఎవరిదో పేరా? నదులనుకున్నా," అంది.
జవాబు నువ్వే రాయమన్నాను.
గంటసేపు పెన్సిలు కొరికి రాసింది:

"తొక్తోసున్ బైకె,
మీ పేరు బాగానే ఉంది.
లెక్కలప్పుడు దాని మీద మోచెయ్యి పెట్టుకుంటాను.
చివరి అక్షరం నేను చెక్కనా,
మీరొస్తారా?"

చెక్కనివ్వలేదు.
ఆనాడు గుంజుకున్న చాకు
ఇంకా నా సొరుగులోనే ఉంది.
అతను ఇంకేమీ రాయలేదు.

తిరిగొచ్చిన కవర్లు ముప్ఫై ఒకటి.
చిరునామా మారితే తెలియజెయ్యండి.
కొత్త పొయ్యికి డబ్బు పంపమని
హెడ్మాస్టరు రాయమన్నాడు, రాశాను.
సపర్, నీ ఉత్తరానికి బిళ్ళ దండగ,
గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగు.

ఇకపోతే,
ఎవరైనా పోతే
దయచేసి మీరే స్వయంగా రాయండి.
ఇంకొకళ్ళ మాట నేను నమ్మను.