ఎండ్రకాయ బొక్క

ఇందుకూరుపేట దాటి మైపాడు రోడ్డులో
ఐసు ఫ్యాక్టరీ పక్కన రేకుల షెడ్డు,
దాని వెనక గదిలో నా సర్వరు.
పదహారు రొయ్యల గుంటల్లో ఏరేటర్లు
ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో
అదే చెప్తాది.

రాత్రి పదిన్నరకి కబురొచ్చింది.
సర్వరు నడిపే సిస్టంలోనే లోపం,
బయటినించి వచ్చేవాటిని అందుకునే చోట.
తాళం ఉండాది, తాళంచెవీ భద్రమే.
పేరడగకముందే, తాళం తియ్యకముందే
వాకిట్లో నిలబడ్డోడి చేతికి ఇల్లంతా వచ్చేస్తాదంట.

ప్రతి ప్యాకెట్టూ తన పొడుగు
తనమీదే రాసుకోని వస్తాది.
అరవై నాలుగు, అంది.
అరవై నాలుక్కి చోటిచ్చింది సర్వరు.
కాటా వెయ్యలా.
ముప్పై కౌంట్ అని నోటితో చెప్పి
యాభై కౌంట్ ట్రేల్లో పోసే ఊళ్ళో
పుట్టి పెరిగినదాన్ని,
నాకే తట్టలా ఇన్నాళ్ళూ!
ఎక్కువైంది పక్క ట్రేలోకి పొర్లింది.
ఆ పక్క ట్రేలో ఉండేది
తర్వాత ఏం చెయ్యాలో రాసిపెట్టిన చీటీ.
ఇప్పుడు దానిమీద వేరేవాళ్ళ చేతిరాత.

పదకొండేళ్ళ కిందటి వరస అది.
ఎవరో, ఏ దేశమో, ఏ నిద్రమత్తో.
తిట్టబుద్ధి కాలా.
నేను రాసినవి నాకు తెలుసు కదా.

సరిచేసిన ముక్క వచ్చింది, నాలుగే వరసలు.
అది పట్టాలంటే సర్వరు ఆగి లేవాల, ఆరు నిముషాలు.
అప్పటికే రెండు దాటింది.
మూడయ్యేసరికి నీళ్ళలో గాలి అడుగంటుతాది.
తెల్లారనిద్దాం అనుకుంటా లాగ్ తెరిచానా,
పదకొండూ నలభై నించీ ఒకే చిరునామా
రెండు నిముషాలకోసారి తడుతుండాడు.
అరవై నాలుగు. అరవై అయిదు. అరవై ఆరు.
తొందరేం లేదు వాడికి.

"వైరు పీకెయ్యి పాపా" అన్నాడు పోలయ్య,
చలికి తువ్వాలు తలకి చుట్టుకోని.
పీకితే గుంటల్లో మీటర్లూ మూగబోతాయి, ఆ వైరు మీదే అన్నీ.
కాసేపు బీడీ తిప్పుతా ఆలోచించాడు.
"గండి పడితే నీళ్ళ సప్పుడికే మెలకువొస్తాది.
ఎండ్రకాయ బొక్కకి సప్పుడుండదు.
నీళ్ళు బయటికి పోవు,
తెల్లమచ్చ లోపలికొస్తాది.
ఆపెయ్యి. మేం చేత్తో తిప్పుకుంటాం."

పోలయ్య, చెంగమ్మ, మస్తాను
మూడు టార్చిలైట్లతో కట్టలమీద విడిపోయినారు.
స్టార్టరు పెట్టెల దగ్గిర నిలబడి
ఒక్కో మిస్‌డ్ కాల్ ఇచ్చారు.
మూడోది రాగానే నొక్కాను.

తెర నల్లబడింది.
సముద్రం అంత దగ్గిర్లో ఉందని
ఆ గదిలో కూర్చోని ఎప్పుడూ వినలా.
ఆ హోరులోంచి ఒకటి, రెండు, ఆరు,
తెడ్లు నీళ్ళు కొడతన్న చప్పుడు.
వేళ్ళు మడుస్తా లెక్కపెట్టాను.
పదిహేను దగ్గిర ఆగింది.

ఆరు నిముషాలన్నది తొమ్మిదయింది.
పదకొండో గుంటలో స్టార్టరు పట్టకపోతే
మస్తాను లుంగీ ఎగ్గట్టి మొలలోతు దిగి
వెదురుగడతో నీళ్ళు బాదుతానే ఉన్నాడంట,
నన్ను బూతులు తిట్టుకుంటా.

మూడూ ఇరవై ఒకటికి మళ్ళీ తట్టాడు.
అరవై నాలుగు, అన్నాడు.
తూస్తే తొంభై.
"కొలత తప్పు" అని ఒక్క వరస పడింది లాగ్‌లో.
దాన్నట్నే చూస్తా చల్లారిన టీ తాగేశాను.

తెల్లారి పోలయ్య నాలుగో కట్టమీద
వంగి వంగి నడస్తన్నాడు,
ఒక చోట ఆగి మడమతో బంక తొక్కి, మళ్ళీ వంగి.
"ఇట్టాంటియి ఇంకెన్నుండాయి పాపా నీ దాంట్లో?"
తెలీదన్నాను.
"నాకూ అంతే" అన్నాడు.

పదకొండో గుంట చెక్ ట్రేలో
రెండు రొయ్యలు తేలినాయి.
చెంగమ్మ తెచ్చి నా బల్లమీద పెట్టింది.
రిజిస్టర్లో రాశాను: రెండు.
కారణం అన్న గడిలో ఏం రాయాలో
చాలాసేపు తోచక,
అప్‌డేట్ అని రాశాను.